వెలుగునకు లెక్క వ్రాసిన లాంబర్టు

పౌర్ణమినాటి వెన్నెలను చూచి సంతసింపనివారు లేరు. కాని ఆ వెన్నెలలో సూర్యుని పాలెంత, చంద్రుని మట్టి పాలెంత, చూచువాడు నిలిచిన చోటును బట్టి కలిగిన భేదమెంత యని విడదీసి లెక్క కట్టవలెనని తలచినవారు అరుదు. ఆ లెక్కకు పద్దులు ఏర్పరచిన మహనీయులలో జొహాన్ హైన్రిఖ్ లాంబర్టు అగ్రగణ్యుడు. దర్జీ యింట పుట్టి, పండ్రెండవ యేట బడి విడిచి, గుమాస్తా పని చేసి, పరుల యింటి పుస్తక భాండాగారమున చదివి పండితుడైన యితని చరిత్రము గ్రంథాలయ పాఠకులెల్లరు ఎరుగదగినది.

లాంబర్టు 1728వ సంవత్సరము ఆగష్టు 26వ తేదీన మ్యూల్హౌస్ నగరమున జన్మించెను. నేడా నగరము ఫ్రాన్సు దేశములో చేరియున్నది. ఆ కాలమున అది స్విట్జర్లాండు రాష్ట్రములతో మైత్రి కలిగిన స్వతంత్ర నగరము. ఇంట బిడ్డలు పలువురు, రాబడి స్వల్పము. అందువలన లాంబర్టు చిన్ననాడే బడి మాని తండ్రికి తోడుగ సూదియు కత్తెరయు పట్టవలసివచ్చెను. పగలు కుట్టుపని, రాత్రి చదువు. తరువాత ఇనుము కరగించు కర్మాగారమొకదానిలో లెక్కలు వ్రాయు ఉద్యోగమున కుదిరెను. పదునేడవ యేట బేసెల్ నగరమున వార్తాపత్రిక నడుపుచుండిన ఈజెలిన్ అను పండితునికి కార్యదర్శి యయ్యెను. తీరిక దొరికినప్పుడెల్ల గణితమును, ఖగోళమును, తత్త్వశాస్త్రమును గురుముఖము లేకయే అభ్యసించెను.

1748లో అతనికి అదృష్టము కలిసివచ్చెను. కూర్ పట్టణమున సాలిస్ వంశీయుడైన ప్రభువు తన యింటి పిల్లలకు చదువు చెప్పుటకై అతనిని నియమించెను. ఆ యింట మంచి పుస్తక భాండాగారము కలదు. పిల్లలకు పాఠము చెప్పగా మిగిలిన కాలమంతయు లాంబర్టు ఆ పుస్తకముల నడుమ గడపెను. కావలసిన పరికరములను కొన్నిటిని తన చేతులతోనే చేసికొనెను. 1752 మొదలు తాను ఏ నెలలో ఏ విషయమును పరిశీలించినదియు ఒక పుస్తకమున వ్రాసియుంచుకొనుట ఆరంభించి, మరణపర్యంతము ఆ నియమమును విడువలేదు. లెక్కల గదిలో అలవడిన క్రమశిక్షణ విద్యావ్యాసంగమునకు అక్కరకు వచ్చెను. 1756లో శిష్యులతోగూడ బయలుదేరి జర్మనీ, హాలండు, ఫ్రాన్సు దేశములలోని విద్యాకేంద్రములను, పండితులను దర్శించెను.

1760లో ఆగ్సుబర్గు నగరమున అతని ఫోటోమెట్రియా అను లాటిన్ గ్రంథము వెలువడెను. వెలుగును కొలుచుటయే దాని విషయము. అంతకుముందు ఫ్రాన్సు దేశమున బుగేర్ అను శాస్త్రజ్ఞుడు 1729లోనే ఈ మార్గమున అడుగిడియుండెను. కాని ఆ విద్యకు గణితశాస్త్రపు కట్టుబాటు కల్పించినవాడు లాంబర్టే.

ఆ కాలమున వెలుగును కొలుచుటకు యంత్రము లేదు. కన్నే సాధనము. ఒక దీపము మరొకదానికి ఎన్ని రెట్లున్నదో కన్ను చెప్పజాలదు. ప్రక్కప్రక్కనున్న రెండు వెలుగులు సమానమా కాదా యని మాత్రము చక్కగ చెప్పగలదు. లాంబర్టు ఈ కిటుకును పట్టుకొనెను. ఒక మూర దూరమున ఒక క్రొవ్వొత్తి కాగితముపై ఎంత వెలుగు నిచ్చునో, రెండు మూరల దూరమున అంత వెలుగు రావలెనన్న నాలుగు క్రొవ్వొత్తులు కావలెను. ఇట్లు క్రొవ్వొత్తులు, అద్దములు, కాగితములు మొదలగు సామాన్య వస్తువులతోనే అతడు గొప్ప సూత్రములను స్థాపించెను.

అందు ముఖ్యమైనది వాలు వెలుగును గూర్చిన నియమము. ఎండ నడినెత్తినుండి పడినప్పుడు నేలకు పూర్తి వెలుగు చేరును. ఆ కిరణములే వాలుగా వచ్చినచో అదే వెలుగు ఎక్కువ నేలపై పరచుకొని పలుచనగును. నిట్టనిలువునుండి 60 డిగ్రీలు ఒరిగినప్పుడు సగమే దక్కును. 90 డిగ్రీలకు శూన్యము. ఇక రెండవ విషయము. సున్నము కొట్టిన గోడవంటి నునుపులేని తెల్లని తలమును ఏ ప్రక్కనుండి చూచినను ఇంచుమించు ఒకే కాంతితో కనబడును. అద్దమైనచో అట్లు కాదు. పడిన వెలుగులో తిరిగి వచ్చు భాగమునకు లాంబర్టు తెలుపు అను అర్థము గల ఆల్బెడో యను లాటిన్ మాటను వాడెను. నేటికిని శాస్త్రజ్ఞులు ఆ మాటనే వాడుచున్నారు.

1764లో అతడు బెర్లిన్ చేరెను. ప్రష్యా ప్రభువగు రెండవ ఫ్రెడరిక్ అతని వేషభాషలను చూచి తొలుత మెచ్చలేదు. అయినను మరుసటి సంవత్సరమే అతనికి అచ్చటి విద్వత్పరిషత్తులో స్థానము లభించెను. వృత్తపరిధికిని వ్యాసమునకును గల నిష్పత్తిని ఏ భిన్నముతోను సరిగ చెప్పజాలమని నిరూపించిన కీర్తి యితనిదే. 1772లో ఇతడు ప్రకటించిన ఒక పద్ధతి దేశపటములను గీయుటకు లోకమంతట వ్యాపించెను. భారత సర్వే శాఖవారి పటములలోను అది వాడుకలోనికి వచ్చెను. 1777 సెప్టెంబరు 25వ తేదీన, ఏబది యేండ్లయినను నిండకయే, బెర్లిన్ నగరమున లాంబర్టు పరమపదించెను.

అతని సూత్రము చంద్రుని యెడ మాత్రము పూర్తిగ నిలువలేదు. చంద్రుడు సున్నపు బంతివంటివాడైనచో పౌర్ణమినాడు నడుమ తేజోవంతుడై, అంచులకు పోయినకొలది మసకబారవలెను. మనకు కనబడునది అట్లు కాదు. అంచువరకు ఇంచుమించు సమముగ వెలుగు పళ్ళెమువలె నుండును. సూత్రము ప్రకారము అర్ధచంద్రుని వెలుగు పౌర్ణమి వెలుగులో మూడవ వంతునకు కొంచెము తక్కువ కావలెను. నిజమునకది పదవ వంతు ప్రాంతముననే యున్నది. చంద్రుని నేల గరుకైన దుమ్ముతో నిండినది. సూర్యుడు మన వీపు వైపుననున్నప్పుడు ఆ దుమ్ము రేణువుల నీడలు వాని వెనుకనే దాగి మనకు కనబడవు. సూర్యుడు ప్రక్కకు జరిగినకొలది నీడలు బయటపడి నేల నల్లబడును. ఈ విషయమును అనుసరించి జర్మనీలో లోమెల్, జేలిగర్ అను శాస్త్రజ్ఞులు పందొమ్మిదవ శతాబ్దమున వేరొక సూత్రమును కూర్చిరి. 1941లో హాలండు దేశస్థుడగు మినార్టును, 1981లో అమెరికాలో హాప్కేయును దానిని మరింత ముందునకు తీసికొనిపోయిరి.

ఈ లెక్కలతో ప్రయోజనమేమని కొందరడుగవచ్చును. 2008 అక్టోబరు 22వ తేదీన మన శ్రీహరికోటనుండి బయలుదేరిన చంద్రయాన్-1 వంటి నౌకలు చంద్రుని చుట్టు తిరుగుచు చిత్రములు తీసినవి. ఒక చిత్రము తీయునప్పుడు ఎండ నిలువుగ నుండును, మరియొకటి తీయునప్పుడు వాలుగ నుండును. వానిని ప్రక్కప్రక్కన అతికించినచో బొంతకు వేసిన మాసికలవలె అతుకులు కనబడును. ఒకే మట్టి ఒకచోట తెల్లగను, మరియొకచోట నల్లగను తోచును. కావున ఒక్కొక్క బిందువునకు సూర్యుడు ఎంత ఒరిగియున్నాడు, కెమెరా ఎంత ఒరిగియున్నది, ఆ రెంటి నడుమ కోణమెంత యని మూడు కోణములను గుణించి, ఆ స్థితిలో సూత్రము ప్రకారము ఎంత వెలుగు రావలెనో దానితో కనబడిన వెలుగును భాగింతురు. పిమ్మట అన్నిటిని ఒకే ప్రమాణ స్థితికి తెత్తురు. చంద్రుని విషయమున ఎండ 30 డిగ్రీలు ఒరిగి, కెమెరా నిట్టనిలువుగ చూచునట్టి స్థితిని తరచుగ ప్రమాణముగ గ్రహింతురు. అటుపై మిగిలిన తేడా మట్టిదే. నల్లని లావా మైదానము లెచ్చటివో, తెల్లని కొండనేల యెచ్చటిదో అప్పుడు నిస్సంశయముగ చెప్పవచ్చును.

ఈ దిద్దుబాటునకును హద్దు కలదు. పగలు రాత్రి కలియు సరిహద్దున వచ్చు వెలుగు అత్యల్పము. అల్పసంఖ్యతో భాగించినచో చిత్రములోని చిన్న దోషము కూడ పెద్దదగును. ఏటవాలు కొండలపై ఆ వాలును గూడ లెక్కలో చేర్పకున్న ఫలితము తప్పును. లెక్క తెలిసినవాడు ఇట్టిచోట్ల తీర్పు చెప్పుటకు తొందరపడడు.

లాంబర్టు సూత్రమును తరువాతివారు దిద్దిరి. అది అతనికి కొరత కాదు. జమ వేరుగ, ఖర్చు వేరుగ వ్రాసియున్న లెక్కలోనే పొరపాటు పట్టుపడును. అన్నియు కలిపివ్రాసిన లెక్కలో అది ఎన్నటికిని దొరకదు. సూర్యుని పాలు, నేల పాలు, చూచువాని పాలు వేరు వేరు పద్దులుగ పెట్టుటయే అతడు చేసిన మహోపకారము. మనుష్యుల విషయమునను ఒకని తెలుపు నలుపులను నిర్ణయించుటకు ముందు అతనిపై పడిన వెలుగెట్టిదో, మనము నిలిచి చూచుచున్న తావెట్టిదో విచారించుట న్యాయము. వేషము చూచి లాంబర్టును తక్కువగ నెంచిన ప్రభువునకే ఆ విచారణ అవసరమయ్యెను. దర్జీ యింటి బాలుని ఇంతవానిని చేసినవి ఒక యింటి బీరువాలలోని పుస్తకములు. అట్టి పుస్తకములు ఊరి వారందరికి అందుబాటులో నుండుటకంటె మించిన భాగ్యము వేరొకటి లేదు.