విలియం విథరింగు వైద్యుని జీవితము

మా పాఠశాలలో చదువు ముగించి నర్సు శిక్షణకు వెళ్లిన బాలికలు సెలవులలో మమ్ము చూడవచ్చినప్పుడు, తమకు అన్నిటికంటె కష్టముగా తోచునది ఔషధశాస్త్రమని చెప్పుచుందురు. మందుల పేర్లు అనేకములు; మోతాదులు వేరు వేరు; పొరపాటు జరిగినచో బాధపడువాడు రోగి. వారికిని, వారి వెనుక వెళ్లనున్నవారికిని ఉపయోగించునని తలంచి, మందును ఎంత ఇయ్యవలెను, ఎప్పుడు ఆపవలెను అను రెండు ప్రశ్నలకు పదియేండ్లు జవాబు వెదకిన యొక ఆంగ్ల వైద్యుని చరిత్రమును వ్రాయుచున్నాము.

విలియం విథరింగు 1741లో ఇంగ్లండునందలి ష్రాప్‌షైరు మండలములో, వెల్లింగ్టను అను ఊర జన్మించెను. తండ్రి మందులు నూరి ఇచ్చి వైద్యము చేయువాడు. కుమారుడు ఎడింబరోలో చదివి 1766లో వైద్యపట్టము పొందెను. ఆ దినములలో ఆయనకు వృక్షశాస్త్రమనిన గిట్టెడిది కాదు. ఆకుల పేర్లు వల్లించుటకు విసుగుకొను మా బాలురు ఈ మాట చదివి సంతోషింతురు. అయితే తరువాతి మాట కూడ చదువవలెను. స్టాఫర్డు పట్టణమున వైద్యము చేయుచుండగా హెలెనా కుక్సు అను యువతి ఆయనచేత చికిత్స పొందెను. ఆమె పువ్వుల చిత్రములు వ్రాయునది. ఆమెకొరకు పువ్వులు ఏరి తెచ్చుచు ఆయన మొక్కలను ప్రేమింప నేర్చెను. 1772లో వారికి వివాహమాయెను. 1776లో బ్రిటను దేశపు మొక్కలనుగూర్చి ఆయన పెద్ద గ్రంథమునే ప్రకటించెను.

1775లో ఆయన బర్మింగ్‌హామునకు కాపురము మార్చెను. అచ్చట ధనవంతులవలన మంచి రాబడి కలిగినను, ప్రతిదినము కొంత వేళ పేదలకు ఉచితముగా వైద్యము చేసెడివాడు. అట్లు వచ్చువారు సంవత్సరమునకు రెండు మూడు వేలమంది. వారిలో అనేకులు ఒడలు నీరుపట్టి, కాళ్లు ఉబ్బి, పండుకొనిన ఊపిరాడక బాధపడువారు. లూకా సువార్త 14వ అధ్యాయములో విశ్రాంతిదినమున మన ప్రభువు స్వస్థపరచినది ఇట్టి జలోదర రోగినే. ఈ వాపునకు కారణములు పెక్కు గలవు. గుండె బలహీనమై రక్తమును చక్కగా నడపలేకపోవుట వానిలో ముఖ్యమైనది. ఆ కాలపు వైద్యులకు ఇది తెలియదు.

ఆ సంవత్సరమే ఒక ఇంటి వైద్యమునుగూర్చి విథరింగు అభిప్రాయమడిగిరి. ష్రాప్‌షైరులో ఒక ముసలమ్మ దానిని రహస్యముగా ఉంచుకొని, వైద్యులు విడిచిపెట్టిన నీరు రోగులను కొందరిని బాగుచేయుచుండెను. ఇరువదికి పైగా ఆకులు అలములు చేరిన కషాయమది. కొన్ని పుస్తకములు ఆమెకు హటన్ అవ్వ అని పేరు పెట్టినవి గాని, అది 20వ శతాబ్దపు మందుల ప్రకటనలో పుట్టిన పేరు. ఆమె నిజమైన పేరు ఎవరును వ్రాసియుంచలేదు. మొక్కలెరిగిన విథరింగునకు వానిలో పనిచేయునది ఫాక్స్‌గ్లవ్ ఒక్కటే అని తోచెను. అంగుళిత్రాణమువంటి ఊదారంగు పువ్వులు పూయు ఆ మొక్కకు శాస్త్రనామము డిజిటాలిస్.

అయితే మందు దొరకుట వేరు, మోతాదు తెలియుట వేరు. మొదట ఆయన ఇచ్చిన మోతాదులు మిక్కిలి పెద్దవి, మాటిమాటికి ఇచ్చినవి. రోగులు వాంతులతో అలమటించిరి. ఈ తప్పును ఆయనే ఒప్పుకొనెను. ఒకే మొక్క ఒక్కొక్క ఋతువున ఒక్కొక్క బలము కలిగియుండునని గ్రహించి, పువ్వులు విచ్చు కాలమందు కోసిన ఆకులనే ఎండబెట్టి పొడి చేయించెను. ఉడికించిన మందు బలము తగ్గునని కనుగొనెను. తుదకు పెద్దవారికి పొడి ఒకటి మొదలు మూడు గ్రెయినుల వరకు దినమునకు రెండు మారులని నిర్ణయించెను. ఒక గ్రెయిను మన గురువింద గింజ ఎత్తులో సుమారు సగము. మూత్రము విస్తరించుట, కడుపు త్రిప్పుట, నాడి నెమ్మదించుట, విరేచనము, వీనిలో ఏ ఒక్కటి మొదట కనబడినను మందు ఆపవలెనని చెప్పెను. ఆపకపోయినచో వస్తువులు పచ్చగానో పసుపుగానో కనబడుననియు, నాడి నిమిషమునకు 35కు దిగుననియు, ప్రాణమే పోవచ్చుననియు హెచ్చరించెను.

ఇతర వైద్యులు విచారణ లేక ఈ మందును వాడుచుండుట చూచి, మంచి ఔషధమునకు చెడ్డపేరు వచ్చునని భయపడి 1785లో ఆయన ఫాక్స్‌గ్లవ్‌ను గూర్చి గ్రంథము ప్రకటించెను. బాగుపడినవారిని మాత్రమే ఏరి వ్రాసినయెడల ఆయనకు కీర్తి హెచ్చెడిది. ఆయన అట్లు చేయక, బాగుపడినవారిని, బాగుపడనివారిని, చనిపోయినవారిని కూడ వరుసగా వ్రాసెను. మా మట్టుకు ఆయన జీవితములో ఇంతకంటె గొప్ప కార్యము కనబడుట లేదు. మందు గుండెమీద పనిచేయుట ఆయన గమనించెను గాని, దాని ముఖ్యబలము మూత్రమును విస్తరింపజేయుటయే అని తలంచెను. గుండెకును దీనికిని గల సంబంధము తరువాతి తరములవారికి తేటపడెను.

1930లో సిడ్నీ స్మిత్ అను రసాయనశాస్త్రజ్ఞుడు ఇదే జాతికి చెందిన మరియొక మొక్కనుండి డిగాక్సిను అను మందును వేరుచేసెను. కొందరు హృద్రోగులకు నేటికిని దీని నిత్తురు. సాధారణపు మాత్రలో ఉండునది మిల్లిగ్రాములో నాలుగవ వంతు మాత్రమే. మేలుచేయు మోతాదునకును విషమగు మోతాదునకును నడుమ ఎడము స్వల్పము. ఇది దేహమును విడుచుట మెల్లగా జరుగును. మూత్రపిండములు చెడినవారిలో ఇంకను ఆలస్యమగును. కనుక నిన్నటి మందు పోకమునుపే నేటి మందు చేరి, కొద్దికొద్దిగా కూడుకొనును. రక్తమున పొటాసియము తగ్గినచో విషలక్షణములు మరింత త్వరగా కలుగును. అందుచేతనే నర్సు ఈ మాత్ర ఇచ్చుటకు ముందు నిండు నిమిషము గుండె చప్పుడు లెక్కించును. పెద్దవారిలో అది 60కి తక్కువైనచో సాధారణముగా మాత్ర నిలిపి వైద్యునికి తెలియజేయును. మన దొడ్లలోని గన్నేరులో కూడ ఇట్లు గుండెను పట్టు విషమే కలదు. తలిదండ్రులు పిల్లలను దానికి దూరముగా ఉంచవలెను.

విథరింగు తానే క్షయరోగపీడితుడై, చలికాలములు గడుపుటకు పోర్చుగలునందలి లిస్బను వరకు వెళ్లెను గాని గుణము కలుగలేదు. తనకు పనికివచ్చు మందు ఆ కాలమున లేదు. 1799 అక్టోబరు 6న మరణించెను. బర్మింగ్‌హాము చెంతనున్న ఎడ్జ్‌బాస్టను పాత దేవాలయములో ఆయనను సమాధిచేసిరి. ఆయన జ్ఞాపకఫలకముమీద ఫాక్స్‌గ్లవ్ కొమ్మను చెక్కిరి.