గిడుగు – గురజాడ: బడినాటి చెలిమి

విద్యార్థి దశలో చిగురించిన స్నేహాలు చాలావరకు చదువుతోనే ముగిసిపోతాయి. ఉద్యోగాలు, సంసార బాధ్యతలు, ఊళ్ళ మధ్య దూరాలు మిత్రులను క్రమంగా వేరు చేస్తాయి. బడిలో ఏర్పడిన పరిచయం జీవితాంతం నిలవడమే అరుదు. అది ఒక జాతి భాషా చరిత్రను మలుపు తిప్పడం మరింత అరుదు. గిడుగు వేంకట రామమూర్తి, గురజాడ వేంకట అప్పారావుల మైత్రి అట్టిది.

రామమూర్తి 1863 ఆగస్టు 29వ తేదీన శ్రీకాకుళం ప్రాంతంలో, వంశధార తీరాన ఉన్న పర్వతాలపేట గ్రామంలో జన్మించారు. తల్లి వెంకమ్మ, తండ్రి వీర్రాజు. వీర్రాజు రెవెన్యూ ఉద్యోగి. చోడవరానికి బదిలీపై వెళ్ళిన ఆయన 1875లో విషజ్వరంతో మరణించారు. అప్పటికి రామమూర్తి పన్నెండేళ్ళ బాలుడు. మేనమామ అండతో ఆయన విజయనగరంలోని మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరారు.

అక్కడే ఆయనకు గురజాడ అప్పారావు సహాధ్యాయి అయ్యారు. 1862లో ఎస్. రాయవరంలో జన్మించిన అప్పారావు కూడా ఇతరుల ఆదరణతో చదువుకొన్నవారే. మహారాజా కళాశాల ప్రధానాచార్యులు చంద్రశేఖర శాస్త్రి ఆయనకు ఆశ్రయమిచ్చారు. స్వయంకృషే పెట్టుబడిగా గల ఈ బాలురిద్దరి మధ్య స్నేహం సహజంగానే కుదిరింది. రామమూర్తి 1879లో మెట్రిక్యులేషన్ పరీక్షలో ఉత్తీర్ణులయ్యారు. అప్పారావు 1882లో ఆ పరీక్ష నెగ్గి, 1886లో బి.ఏ. పట్టం పొందారు.

కుటుంబ భారం వల్ల రామమూర్తి చదువు కొనసాగించలేకపోయారు. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరి, చరిత్ర బోధించారు. పాఠాలు చెప్పుకొంటూనే ప్రైవేటుగా చదివి ఎఫ్.ఏ., ఆ తరువాత బి.ఏ. పరీక్షలు పూర్తి చేశారు. అప్పారావు విజయనగరంలోనే ఉండి, మొదట ఉపాధ్యాయులుగా, పిదప కళాశాల అధ్యాపకులుగా, సంస్థాన ఉద్యోగిగా పనిచేశారు. మిత్రులిద్దరి మధ్య నూరు కిలోమీటర్లకు పైగా దూరం ఏర్పడింది. అయినా వారి అభిరుచులు ఒకే దిశలో సాగాయి. రామమూర్తి ముఖలింగం దేవాలయంలోని శాసనాలను పరిశీలించి, ప్రాచీన లిపులను తమంత తామే చదవడం నేర్చుకొన్నారు. 1891లో అప్పారావు విజయనగర సంస్థానంలో శాసన పరిశోధకులుగా నియుక్తులయ్యారు. భాష శతాబ్దాల పొడవునా ఎట్లా మారుతూ వచ్చిందో శిలలే వారిద్దరికీ బోధించాయి.

పర్లాకిమిడి పరిసరాల కొండలలో సవరలు నివసిస్తారు. వారి భాషకు అప్పటికి లిపి లేదు, పుస్తకాలు లేవు. ఆ భాష తెలిసిన ఒక వ్యక్తిని ఇంట ఉంచుకొని రామమూర్తి సవర భాషను అభ్యసించారు. కొండ జ్వరాలను లెక్కచేయక సవర గూడేలలో తిరిగారు. జ్వరానికి వాడిన క్వినైను వల్ల ఆయన వినికిడి శక్తి దెబ్బతిన్నది. ఆ చెవుడు జీవితాంతం ఆయనను విడువలేదు. అయినా వెనుదీయక సవర భాషలో వాచకాలు రచించారు. సొంత ఖర్చుతో సవర పిల్లలకు పాఠశాలలు నడిపారు. ఈ సేవలకు గుర్తింపుగా ప్రభుత్వం 1913లో ఆయనకు రావు సాహెబ్ బిరుదును ప్రదానం చేసింది. ఆయన రచించిన సవర భాషా వ్యాకరణం 1931లో వెలువడింది. పిల్లవాడు తన ఇంటి భాషలోనే చదువు మొదలుపెట్టాలన్న సత్యం ఆయనకు ఈ కొండలలోనే అనుభవానికి వచ్చింది.

ఆ సత్యం తెలుగు పిల్లలకు మాత్రం వర్తించని రోజులవి. ఇంట్లో, వీధిలో, తరగతిలో వస్తున్నాడు, చేస్తాను అని పలికే విద్యార్థి, కాగితం మీద మాత్రం వచ్చుచున్నాడు, చేసెదను అని వ్రాయవలసి వచ్చేది. అరసున్నలు, శకటరేఫలు తప్పితే మార్కులు పోయేవి. విషయం తెలిసినా వ్యాకరణ భయం వల్ల కలం సాగేది కాదు. అప్పారావు ఈ సంగతిని ముందుగానే గుర్తించారు. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకంలో ఆయన పాత్రలచేత జీవద్భాషను పలికించారు. ఆ గ్రంథానికి ఆంగ్లంలో వ్రాసిన పీఠికలో వాడుక భాషను సమర్థించారు.

ఉత్తర కోస్తా జిల్లాలకు జె.ఏ. యేట్స్ అనే ఆంగ్లేయుడు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చారు. తెలుగువారు మాట్లాడే భాషకూ, పాఠ్యపుస్తకాల భాషకూ ఇంత అంతరం ఎందుకన్న సందేహం ఆయనకు కలిగింది. విశాఖపట్నం ఏ.వి.ఎన్. కళాశాల ప్రధానాచార్యులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు, ఆ సందేహం తీర్చగలవారు గురజాడ, గిడుగులేనని సూచించారు. ఆ విధంగా బడినాటి మిత్రులిద్దరూ మళ్ళీ ఒక్కచోట నిలిచారు. పాతికేళ్ళ క్రితం ఒకే పాఠశాలలో చదివినవారు ఇప్పుడు పిల్లల చదువు కోసం ఒకే పక్షాన పోరాటానికి దిగారు.

1911లో రామమూర్తి ముప్పై ఏళ్ళ ఉపాధ్యాయ వృత్తి నుండి విరమించి, తమ కాలమంతా ఉద్యమానికే అంకితం చేశారు. అదే సంవత్సరం మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు స్థాపితమైంది. జయంతి రామయ్య పంతులు ప్రభృతులు గ్రాంథిక భాషకు అండగా నిలిచారు. ఇంటర్మీడియట్ విద్యార్థులు తెలుగు వ్యాసాలను ఏ భాషలో వ్రాయాలన్నదే అప్పటి ప్రధాన వివాదం. మిత్రులు పనిని పంచుకొన్నట్లుగా, అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయ సంఘంలో వాదించారు. రామమూర్తి సభలలో, పత్రికలలో వాదించారు. సంఘంలో అధిక సంఖ్యాకులు గ్రాంథికం వైపే మొగ్గగా, అప్పారావు 1914లో తమ అసమ్మతి పత్రాన్ని సమర్పించారు. విశ్వవిద్యాలయం దానిని ఆమోదించలేదు. మరుసటి సంవత్సరం, 1915 నవంబరు 30వ తేదీన, అప్పారావు కన్నుమూశారు.

ఓటమి వేళ తోడు నిలిచిన మిత్రుడు దూరమైనప్పుడు రామమూర్తి వయస్సు యాభై రెండేళ్ళు. చెవులు సరిగా వినిపించవు. ప్రత్యర్థులు ఉద్దండ పండితులు. అయినా ఆయన ఆ బాటను విడువలేదు. 1919లో రాజమహేంద్రవరంలో వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజాన్ని నెలకొల్పారు. అంతకాలం అధికంగా గ్రాంథికంలోనే రచనలు చేసిన కందుకూరి వీరేశలింగం పంతులు ఆ సమాజానికి అధ్యక్షులు కావడం విశేషం. అదే ఏడు రామమూర్తి తెలుగు అనే మాసపత్రికను ప్రారంభించారు.

ఆయన వాదం ఆవేశం మీద కాక ఆధారాల మీద నిలిచింది. ప్రాచీన గ్రంథాలనుండి, శాసనాలనుండి, వచన రచనలనుండి ప్రయోగాలను ఏర్చి కూర్చి సభల ముందుంచేవారు. గ్రాంథికాన్ని సమర్థించే పండితుల రచనలలోనే వ్యాకరణ విరుద్ధమైన రూపాలను చూపి, ఆ నియమాలు వారికే అసాధ్యమని నిరూపించేవారు. ఆయన కోరినది అశ్రద్ధగా వ్రాసే భాష కాదు. చదువుకొన్నవారు మర్యాదగా మాట్లాడుకొనే శిష్ట వ్యావహారికమే రచనకు తగినదని ఆయన సిద్ధాంతం. ప్రాచీన కావ్యాలను ఆయన ఎన్నడూ నిరసించలేదు. వాటిని చదివి ఆనందించాలనీ, నేటి భావాలను నేటి భాషలో వ్రాయాలనీ బోధించారు.

1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తు వ్యావహారిక భాషపై ఉన్న నిషేధాన్ని తొలగించింది. పదమూడేళ్ళ సంఘర్షణకు అది గొప్ప ఫలితం. ఆ విజయాన్ని పంచుకోవడానికి అప్పారావు లేరు.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో చేరింది. అర్ధశతాబ్దికి పైగా నివసించిన ఊరిని వీడి, రామమూర్తి వృద్ధాప్యంలో రాజమహేంద్రవరానికి తరలివచ్చారు. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఆయనను కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరి 22వ తేదీన మద్రాసులో ఆయన తుదిశ్వాస విడిచారు. కాలక్రమంలో పత్రికలు, పాఠ్యగ్రంథాలు, పరీక్షలు అన్నీ వ్యావహారికాన్ని స్వీకరించాయి. ఆయన జన్మదినమైన ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నాం.

నేడు ఇంటర్మీడియట్ విద్యార్థి తన ఆలోచనను తనకు తెలిసిన మాటలలో నిర్భయంగా వ్రాయగలుగుతున్నాడు. ఆ స్వేచ్ఛ వెనుక విజయనగరం బడిలో కలిసిన ఇద్దరు బాలుర చెలిమి ఉన్నది. తరచుగా కలుసుకోవడమే స్నేహానికి గుర్తు కాదు. కలసి నమ్మిన ఆశయాన్ని, తోడున్నవాడు గతించిన తరువాత కూడా పాతికేళ్ళపాటు మోయడం అంతకంటె గొప్ప స్నేహమని గిడుగు వారి జీవితం చాటుతున్నది.