నూర్ ఇనాయత్ ఖాన్: ప్రాణం పోయినా పెదవి విప్పని ఆడబిడ్డ

మన సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పెద్దలకు తంతి అంటే ఏమిటో తెలుసు. ఇంటికి టెలిగ్రాం వచ్చిందంటే చాలు, చదివించుకునేదాకా అందరి గుండెలూ దడదడలాడేవి. 2013లో ఆ సేవ మన దేశంలో నిలిచిపోయింది. అటువంటి కబుర్ల పనిలోనే, రెండవ ప్రపంచ యుద్ధంలో ప్రాణాలర్పించిన ఒక ముస్లిం ఆడబిడ్డ కథ మన పిల్లలు తప్పక తెలుసుకోవాలి.

ఆమె పేరు నూర్. తండ్రి హజ్రత్ ఇనాయత్ ఖాన్ బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు. ఆయన తల్లి టిప్పు సుల్తాన్ వంశీకురాలు. మన జిల్లా నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో ఆయన హైదరాబాదు వచ్చి, ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఎదుట పాడి మెప్పు పొందారు. సయ్యద్ అబూ హాషిం మదనీ గారికి మురీదయిందీ ఆ నగరంలోనే. 1910 సెప్టెంబరు 13న ఓడెక్కి విదేశాలకు వెళ్లారు.

నూర్ 1914 జనవరి 1న మాస్కోలో పుట్టింది. పారిస్ దగ్గర పెరిగింది. 1927లో తండ్రి పోయాక, తల్లికి, తోబుట్టువులకు పెద్దదిక్కయింది. వీణవంటి హార్ప్ వాయించేది, పిల్లలకు కథలు రాసేది. జాతక కథలను ఇంగ్లీషులో పుస్తకంగా వేసింది. ఎవరితోనూ గట్టిగా మాట్లాడి ఎరుగదు.

1940లో హిట్లర్ సేనలు ఫ్రాన్సులో దిగగానే ఆ కుటుంబం ఇంగ్లండు చేరింది. నూర్ వైమానిక దళంలో చేరి వైర్‌లెస్ పని నేర్చుకుంది. ఈ మెతక పిల్లకు గూఢచారి పని చేతనవుతుందా అని శిక్షకుల్లో కొందరు సందేహించారు. అయినా 1943 జూన్‌లో ఆమెను రహస్యంగా ఫ్రాన్సుకు పంపారు. వైర్‌లెస్ పనికి అలా వెళ్లిన మొదటి స్త్రీ ఆమే.

వెళ్లిన కొద్ది రోజులకే తోటివారు వరసగా పట్టుబడ్డారు. తిరిగి వచ్చెయ్యమన్నా ఆమె రాలేదు. తాను వస్తే కబుర్లు పంపేవారుండరన్నది ఆమె బాధ. పెట్టెంత యంత్రాన్ని మోసుకుంటూ ఇల్లు మారుస్తూ నెలల తరబడి కబుర్లు పంపింది. అక్టోబరులో ఎవరో పట్టిచ్చారు.

ఒక పొరపాటూ జరిగింది. పంపిన కబుర్లన్నీ ఆమె నోటుపుస్తకంలో రాసి ఉంచింది. దాన్ని పట్టుకుని శత్రువులు ఆమె పేరిట లండనుకు దొంగ కబుర్లు పంపారు. వాటిని నమ్మి వచ్చినవాళ్లు వలలో పడ్డారు. కాని ఆమె నోటి నుండి మాత్రం ఒక్క రహస్యమూ రాలేదు. తప్పించుకోబోయి దొరికిపోతే, జర్మనీలో సంకెళ్లు వేసి నెలల తరబడి ఒంటరి కొట్టులో ఉంచారు.

1944 సెప్టెంబరు 13న దహావ్ శిబిరంలో మరి ముగ్గురు స్త్రీలతోపాటు కాల్చి చంపారు. తండ్రి దేశం విడిచిన తారీఖూ అదే. ఆమెకు అప్పుడు ముప్పయ్యేళ్లు.

1949లో బ్రిటన్ జార్జి క్రాస్ ప్రకటించింది. ఫ్రాన్సు కూడా పతకంతో గౌరవించింది. 2012లో లండనులో ఆమె విగ్రహం వెలిసింది.

నెమ్మదిగా ఉన్న పిల్లను చూసి, దీనివల్ల ఏమవుతుందిలే అని మన ఇళ్లలో అంటూ ఉంటాం. అలా అనబోయినప్పుడు ఒక్కసారి నూర్‌ను తలచుకుందాం.