దారం చిక్కు విప్పిన నటుడు

సాల్ట్ లేక్: కుట్టుమిషను మీద గుడ్డ అడుగున దారం ఉండ కడితే కొత్తగా నేర్చుకునేవాళ్లు వెంటనే బాబిన్ విప్పుతారు. మా బ్లాకు మార్కెట్లోని టైలర్ మాత్రం ముందు పైదారం చూస్తాడు. చిక్కు కింద కనిపించినా చాలాసార్లు లోపం పైనే ఉంటుంది. దారం టెన్షన్ బిళ్లల మధ్య సరిగా కూర్చోదు. దాదాపు ఇదే పాఠం 1850లో బోస్టన్‌లో ఐజాక్ సింగర్ నేర్చుకున్నాడు.

1811లో న్యూయార్క్ రాష్ట్రంలో పుట్టిన సింగర్ పన్నెండేళ్లకే ఇల్లు వదిలాడు. నాటకాలాడాడు. మెకానిక్ పని చేసి రాళ్లు తొలిచే యంత్రం కనిపెట్టాడు. బోస్టన్‌లో ఆర్సన్ ఫెల్ప్స్ వర్క్‌షాపుకు మరమ్మతుకొచ్చే కుట్టుమిషన్లలో షటిల్ గుండ్రంగా తిరిగేది. తిరిగిన ప్రతిసారీ దారం పురి దెబ్బతినేది. షటిల్ ముందుకూ వెనక్కూ నేరుగా కదలాలి, సూది నిలువుగా దిగాలి అన్నాడు సింగర్. జార్జ్ జీబర్ ఇచ్చిన 40 డాలర్లతో పదకొండు రోజుల్లో నమూనా తయారైంది. కానీ కుట్టు పడలేదు. అర్ధరాత్రి నిరాశతో ఇంటిదారి పట్టిన ఇద్దరూ దారిలో కూర్చున్నారు. వదులు పోగులన్నీ గుడ్డకు ఒకే వైపున తేలుతున్నాయని జీబర్ అన్నాడు. సూది దారానికి బిగువు పెట్టడం మరిచామని సింగర్‌కు తట్టింది. వెనక్కి వెళ్లి సరిచేశాడు. అయిదు కుట్లు చక్కగా పడ్డాయి, ఆపై దారం తెగింది. ఆ అయిదే చాలు.

1851లో పేటెంట్ వచ్చింది. అయితే రెండు దారాలను ముడివేసే లాక్‌స్టిచ్‌పై 1846లోనే పేటెంట్ పొందిన ఎలియాస్ హోవే కోర్టుకెక్కి గెలిచాడు. 1854లో సింగర్ 15,000 డాలర్లు చెల్లించాడు. 1856లో ప్రధాన తయారీదారులు తమ పేటెంట్లను ఒకచోట చేర్చుకున్నారు. భాగస్వామి ఎడ్వర్డ్ క్లార్క్ తెచ్చిన వాయిదాల పద్ధతి మిషన్‌ను మధ్యతరగతి ఇళ్లకు చేర్చింది.

యంత్రాలను అనుమానించిన గాంధీ 1924లో కుట్టుమిషన్‌కు మినహాయింపు ఇచ్చారు. భార్య చేతికుట్టు కష్టం చూడలేక, ప్రేమతో సింగర్ దాన్ని చేశాడని ఆయన నమ్మారు. నిజం అంత తియ్యగా లేదు. సింగర్ ఒకేకాలంలో పలు సంసారాలు నడిపాడు, ఇరవైకి పైగా పిల్లలను కన్నాడు. ఆ గుట్టు రచ్చకెక్కాక అమెరికా వదిలి, 1875లో ఇంగ్లండ్‌లో కోటికి పైగా డాలర్ల ఆస్తి మిగిల్చి చనిపోయాడు. మిషన్ చేయించింది ప్రేమ కాదు, డబ్బు అవసరం.

అయినా గాంధీ లెక్క పూర్తిగా తప్పలేదు. ఆ యంత్రం లక్షలాది ఆడవాళ్ల వేళ్లకు విశ్రాంతినిచ్చింది, ఎందరికో ఇంటిపట్టునే బతుకు చూపింది. కనిపెట్టినవాడి సంసారంలో చిక్కులు మాత్రం ఏ టెన్షన్ మర సవరించినా విడలేదు.