ఆదిత్య చోళుడు

మన కుటుంబములు స్థిరపడిన తిరువళ్లూరు, తిరుత్తణి సీమలకు పూర్వము తొండైనాడు అని పేరు. కాంచీపురము రాజధానిగా పల్లవులు దీనిని పలు శతాబ్దములు ఏలిరి. వారిపై తిరుగబడి, ఈ సీమను చోళరాజ్యమున చేర్చినవాడు ఆదిత్య చోళుడు.

ఇతని తండ్రి విజయాలయుడు క్రీ. శ. 850 ప్రాంతమున తంజావూరును పట్టుకొనెను. అయినను చోళులు పల్లవులకు సామంతులే. 871 ప్రాంతమున గద్దెనెక్కిన ఆదిత్యుడును తొలుత అట్లే మెలగెను. కొంతకాలమునకు పాండ్యరాజు వరగుణుడు కావేరీతీరముపై దండెత్తెను. కుంభకోణము చేరువ తిరుప్పురంబియము వద్ద ఘోరయుద్ధము జరిగెను. పల్లవరాజు అపరాజితుని పక్షమున ఆదిత్యుడును, గాంగరాజు పృథ్వీపతియు పోరాడిరి. పాండ్యుడు ఓడెను, పృథ్వీపతి నేలకొరిగెను.

ఆ గెలుపు అపరాజితునికి అచ్చిరాలేదు. పాండ్యుల బలము సడలెను. పల్లవులకు అండయైన గాంగవీరుడు లేకపోయెను. ఈ అదను కనిపెట్టిన ఆదిత్యుడు బలము కూర్చుకొని, 9వ శతాబ్ది చివర ప్రభువు మీదనే కత్తి దూసెను. ఏనుగుపైనున్న పల్లవరాజు మీదికి లంఘించి అతనిని సంహరించెనని కన్యాకుమారి శాసనము తెలుపుచున్నది. తిరుత్తణి చేరువనున్న తిరువాలంగాటి పేర ప్రసిద్ధమైన రాజేంద్రచోళుని తామ్రశాసనమును ఈ జయమును కీర్తించుచున్నది.

తాను కొలిచిన ప్రభువును చంపుట ధర్మమా? ఈ శాసనములు గెలిచినవాని వంశమువారు వ్రాయించినవి గాన ఆ ప్రశ్న వానిలో లేదు. ఓడినవాని మాట వినగోరువారు తిరుత్తణి వీరట్టానేశ్వరాలయమునకు పోవలెను. అపరాజితుని కాలమున నంబి అప్పి యనువాడు కట్టించిన ఆ రాతిగుడిలో, ఆ రాజు స్వయముగా రచించిన తమిళ పద్యము చెక్కబడియున్నది.

ఆదిత్యుడు కావేరి పొడవునా శివాలయములు కట్టించి, 907 ప్రాంతమున శ్రీకాళహస్తి చేరువ తొండమనాడులో కన్నుమూసెను. కుమారుడు పరాంతకుడు అచ్చటనే తండ్రి అస్థికలపై శివాలయము నిర్మించెను. నన్నయను ఆదరించిన రాజరాజనరేంద్రుని తల్లి కుందవ ఈ వంశపు ఆడపడుచే.

చిత్తూరు జిల్లాలోనుండిన తిరుత్తణి 1960లో మద్రాసు రాష్ట్రమున చేరినది. అందుచే ఓడినవాని పద్యము నేడు తమిళనాటను, గెలిచినవాని సమాధి తెలుగునాటను ఉన్నవి. ఈ ఉగాదికి కాళహస్తి యాత్ర తలపెట్టినవారు ఈ రెండు గుడులను తమ పిల్లలకు చూపింతురుగాక.