బిడారు నాయకుడు గులాం రసూల్ గల్వాన్

మనది కొండలు లేని సీమ. గుడివాడ నుండి బందరు వరకు, అక్కడి నుండి దివిసీమ కొసనున్న నాగాయలంక వరకు చూపు సారించినా వరిచేలు, కాలువగట్లు, తాటితోపులు మాత్రమే కనిపిస్తాయి. వాటికి మించి తలయెత్తినవి గుడి గోపురాలు, మసీదు మీనారులు. అటువంటి సీమలోని విద్యార్థులకు కారకోరం కనుమలలో దారులు వెదకిన ఒక లదాఖీ మనిషి జీవితం చెప్పబూనడం వింతగా తోచవచ్చు. కాని ఆయన పేరు మనకు కొత్తది కాదు. 2020 జూన్ 15వ తేదీ రాత్రి గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఇరవైమంది భారత సైనికులు అసువులు బాశారు. వారి నాయకుడు కర్నల్ సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ. ఆ వారమంతా తెలుగునాట గల్వాన్ అనే మాట పలుకని నోరు లేదు. ఆ లోయకు ఆ పేరెట్లా వచ్చిందని అడిగినవారు మాత్రం తక్కువ. అది దేవుని పేరు కాదు, రాజు పేరు కాదు. పరుల బరువులు మోయడంతో బ్రతుకు ప్రారంభించిన ఒక బీద ముస్లిం బాలుని ఇంటిపేరు.

గులాం రసూల్ 1878 ప్రాంతంలో లేహ్ పట్టణంలో జన్మించాడు. గల్వాన్లు కాశ్మీరు నుండి వచ్చినవారు. గుర్రాలతోనే వారి బ్రతుకు ముడిపడి ఉండేది. వారి పూర్వులలో కారా గల్వాన్ అనే పేరుమోసిన దోపిడీదారు ఉండేవాడనీ, ధనవంతులను దోచి బీదలకు పంచేవాడనీ ఆ ఇంట చెప్పుకొనేవారు. ఇటువంటి కథ లేని వంశం ఏ దేశంలోనూ ఉండదు కాబోలు! అది ఎట్లున్నా రసూల్ పుట్టేనాటికి ఇంట మిగిలింది బీదరికమే.

ఇల్లు బీదదే గాని ఊరు బీదది కాదు. గోల్కొండ సుల్తానుల కాలంలో మన బందరు రేవులో పారసీకులు, డచ్చివారు, ఇంగ్లీషువారు ఒకరితో ఒకరు బేరమాడినట్లే, లేహ్ బజారులో యార్కందు, కాశ్మీరు, టిబెట్టు, పంజాబు వర్తకులు కలుసుకొనేవారు. మనది సముద్రపు రేవు, అది కొండల రేవు. అక్కడ సరకు దించేది ఓడలు కావు, గుర్రాలు. ఆ బజారే రసూల్‌కు పాఠశాల. లదాఖీ, తుర్కీ, ఉర్దూ మొదలైన భాషలు ఆయనకు పుస్తకంలో కాక ప్రజల నోటినుండి అబ్బాయి.

పన్నెండేళ్ల ప్రాయంలోనే ఆయన తెల్లదొరల యాత్రలలో కూలిగా చేరాడు. ఆ తొలినాళ్ల యజమానులలో ఫ్రాన్సిస్ యంగ్‌హస్బెండ్ ఒకడు. అది రష్యా, బ్రిటన్‌లు మధ్య ఆసియా కోసం పోటీపడుతున్న కాలం; కనుమల వివరాలు తెలియడమంటే రాజ్యరహస్యాలు తెలియడమే. కూలివానికి ఆ రాజకీయంతో పనిలేదు. ఏ దొరకు ఏది కావాలో, ఏ గుర్రం ఎక్కడ నిలిచిపోతుందో కనిపెట్టడమే అతని చదువు. క్రమంగా కూలి నుండి వంటపని, గుర్రాలపని, చివరకు బిడారు మొత్తానికి పెద్దరికం ఆయనకు సంక్రమించాయి. ఆ పెద్దనే ఆ ప్రాంతంలో కారవాన్ బాషీ అంటారు.

ఈ పెద్దరికం ఎటువంటిదో కొంచెం వివరించడం అవసరమని మా ఉద్దేశం. బిడారు నడపడానికి దారి తెలిస్తే చాలదు. లేహ్ నుండి యార్కందు పోయే బాట ఖర్దుంగ్, సాసేర్ కనుమలు దాటి, దెప్సాంగ్ మైదానం మీదుగా 5,540 మీటర్ల ఎత్తున ఉన్న కారకోరం కనుమను ఎక్కుతుంది. నడుమ రోజుల తరబడి గడ్డిపోచ కానరాదు, వంటచెరకు దొరకదు. ఒక గుర్రం 80 కిలోలు మోసి, రోజుకు మూడు కిలోల బార్లీ తింటుందని లెక్కవేసుకొంటే, నాలుగు వారాలు నిండకముందే తాను మోసిన గింజలన్నీ తానే తినివేస్తుంది. కనుక దొరగారి గుడారాలు, పెట్టెలు, కొలత పరికరాలు మోసే గుర్రానికి తోడు దాని మేత మోసే మరో గుర్రం కావాలి. ఆ రెండవదానికి మళ్లీ మేత కావాలి! ఈ చిక్కు విప్పడమే కారవాన్ బాషీ పనితనం. ముందుగా మనుషులను పంపి దారిలో గింజలు నిలవచేయించడం, మోపు తరిగినకొద్దీ ఖాళీ గుర్రాలను వెనుకకు మరలించడం, మంచుగడ్డల కనుమలకు యాకులను బాడుగకు కుదుర్చుకోవడం, ఇవన్నీ బయలుదేరకముందే మనసులో తేల్చుకోవలసిన సంగతులు. లెక్క తప్పితే దండన పడేది నోరులేని జంతువులకే. కారకోరం బాట పొడవునా పడివున్న జంతువుల ఎముకలే ఆ దారికి గుర్తులని యాత్రికులందరూ వ్రాశారు.

ఏళ్లు దాటడం మరొక విద్య. మంచుకరిగి పారే ఏరు తెల్లవారుజామున మోకాటిలోతు ఉంటే, ఎండ ముదిరిన తరువాత గుర్రాన్ని సైతం కొట్టుకొనిపోతుంది. దివిసీమ పడవవాడు పోటు, పాటు చూచి పడవ విప్పినట్లే, అక్కడివారు ప్రొద్దు చూచి నీటిలో దిగుతారు. గల్వాన్ నది వచ్చి కలిసే ష్యోక్ నదికి మృత్యునది అని అర్థం చెబుతారు.

ఇక లోయకు పేరు వచ్చిన సంగతి. రెండు కథనాలున్నాయి. 1892లో డన్‌మోర్ ప్రభువు పామీరులకు వెళుతూ నిట్టనిలువు కొండల నడుమ చిక్కుకోగా, పధ్నాలుగేళ్ల రసూల్ ఎవరికీ కనిపించని సందును వెదకి అందరినీ బయటపడవేశాడనీ, ఆ మెప్పుతో ప్రభువే ఆ స్థలానికి బాలుని పేరు పెట్టాడనీ ఒకటి. 1899లో చాంగ్‌చెన్మో లోయకు ఉత్తరాన పర్యటించిన బృందంలో ఆయన ఉన్నాడనీ, ఆ లోయను అప్పుడే కనుగొన్నారనీ రెండవది. మొదటిది వినసొంపైనది. గల్వాన్ నది చాంగ్‌చెన్మోకు ఉత్తరాననే ఉన్నది గనుక రెండవది నమ్మదగినదిగా మాకు తోస్తుంది. ఏమైనా ఫలితం ఒక్కటే. 1843లో ఉద్యోగం విరమించి వెళ్లిపోయిన ఎవరెస్టు దొర పేరు 1865లో ప్రపంచంలోకెల్ల ఎత్తైన శిఖరానికి పెట్టారు. దాని ఎత్తు లెక్కకట్టిన రాధానాథ్ సిక్దార్ పేరు ఏ శిఖరానికీ పెట్టలేదు. అటువంటి కాలంలో ఒక స్థానికుడైన సేవకుని పేరు పటంలోకి ఎక్కడం సామాన్యం కాదు.

1895లో లిటిల్‌డేల్ దంపతులు లాసా నగరం చూడాలని టిబెట్టు పీఠభూమిని ఉత్తరం నుండి దక్షిణానికి దాటినప్పుడు రసూల్ వారి వెంట ఉన్నాడు. టిబెట్టువారు అడ్డగించారు, దొరసాని జబ్బుపడింది. లాసా ఇంకా కొద్దిరోజుల దూరం ఉండగానే వెనుదిరిగి లేహ్ చేరుకోవలసి వచ్చింది. వెంట తీసుకువెళ్లిన జంతువులలో అధికభాగం దారిలోనే రాలిపోయాయి. ఇరవయ్యో శతాబ్దంలో రాబర్ట్ బారెట్ అనే అమెరికన్‌కు, 1914లో కారకోరంలో పరిశోధనలు జరిపిన ఇటలీ బృందానికి ఆయనే కారవాన్ బాషీ.

బారెట్ దంపతుల ప్రోత్సాహంతో ఆయన తన జీవితకథను వ్రాయబూనాడు. ఉర్దూలో వ్రాసి ఉంటే సులభంగా సాగేది. ఆయన మాత్రం అప్పుడప్పుడే నేర్చుకొంటున్న ఇంగ్లీషులోనే వ్రాశాడు. కాథరిన్ బారెట్ దాన్ని పరిష్కరించినా, ఆయన వంకర టింకర వాక్యాలను సరిదిద్ది చెడగొట్టలేదు. అందుకు ఆమెను అభినందించాలి. దొరల సేవకుడు అనే అర్థమిచ్చే పేరుతో అది 1923లో కేంబ్రిడ్జిలో అచ్చయింది. ఒకనాడు తన బరువులు మోసిన బాలుని పుస్తకానికి యంగ్‌హస్బెండే ముందుమాట వ్రాశాడు. దొరలు వ్రాసిన యాత్రాగ్రంథాలలో కూలీలు గుంపుగా కనిపించి మాయమవుతారు. ఈ పుస్తకంలో కూలీలకు పేర్లున్నాయి, ఆకలి ఉన్నది, ఇంటిమీద బెంగ ఉన్నది. దొరల కోపతాపాలు కూడ దాపరికం లేకుండ ఉన్నాయి.

చివరి దశలో ఆయన లేహ్‌లో అక్‌సకాల్ పదవిని పొందాడు. తుర్కీలో దానికి తెల్లగడ్డం అని అర్థం. బ్రిటిష్ జాయింట్ కమిషనర్ క్రింద పనిచేస్తూ, వర్తకుల వ్యవహారాలు చూచే పెద్దమనిషి అన్నమాట. ఏ బజారులో బాలుడుగా పని వెదుక్కొన్నాడో ఆ బజారుకే పెద్ద అయ్యాడు. 1925లో లేహ్‌లోనే కాలధర్మం చెందాడు. అప్పటికి ఏబదియేళ్లు నిండలేదు. 1949 తరువాత యార్కందు వర్తకం నిలిచిపోయి ఆ బాటమీద బిడారుల గంటలు మూగవోయాయి. ఆయన వంశీయులు నేటికీ లేహ్‌లో గల్వాన్ ఇంటిపేరుతోనే నివసిస్తున్నారు.