ఆయాసానికి మందిచ్చిన మన తెలుగాయన

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టి దొర ప్రొఫెసరు కోపానికి గురై, చిన్న పట్టాతో సరిపెట్టుకున్నారు. తర్వాత అమెరికా చేరారు. హార్వర్డులో ఫిస్కేతో కలిసి, గుండెకూ కండరాలకూ శక్తినిచ్చే ఏటీపీని కనుగొన్నారు.

తర్వాత లెడర్లీలో ఆయన బృందం బోదకాలుకు హెట్రజాన్ మందు తెచ్చింది. ఆ బోదకాలు పురుగు వల్లే కొందరికి ఈసినోఫీలియా వచ్చి, రాత్రిళ్లు దగ్గు, ఆయాసం పట్టుకుంటాయి. చాలామంది ఉబ్బసమనుకుంటారు. వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడి, వాటి రక్తనాళాల్లో ఒత్తిడి పెరిగి గుండె దెబ్బతినవచ్చు. దీనికీ ఆ మందే వాడతారు.

1948 ఆగస్టులో, 53 ఏళ్లకే, ఆయన నిద్రలోనే కన్నుమూశారు. నోబెల్ రాలేదు. 1995లో మన తపాలాశాఖ బిళ్ల వేసింది. హోసూరు, కృష్ణగిరి తెలుగిళ్ల పిల్లలకు ఈ పేరు తెలియాలి.